ఫార్మాట్ చేసే ముందు సెట్టింగులు ఎక్కడున్నాయో చూసుకోండి

సమర్పకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, మన డెల్టాలోని డీటీపీ సెంటర్లలోనూ, చేపల చెరువుల లెక్కలు చూసుకునే ఆఫీసుల్లోనూ చాలామందికి కొత్త సిస్టమ్ వేయించుకోవలసిన అవసరం వచ్చింది. కోనసీమలో కంప్యూటర్లు బాగుచేస్తూ, ఆ పని పిల్లలకు నేర్పుతున్న మాస్టారు ఈరోజు మనతో ఉన్నారు. మాస్టారూ, ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకున్నాక ఇంకా పోయేది ఏముంటుందండి?

మాస్టారు: చాలా ఉంటుందమ్మా. పాలకొల్లులో శుభలేఖలు వేసే డీటీపీ ఆపరేటర్‌నే తీసుకోండి. ఆయన చేసిన కార్డులు డి డ్రైవ్‌లో భద్రంగా ఉంటాయి గాని, తెలుగు టైపుకు వాడే అను ఫాంట్లు, చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు మామూలుగా ఫార్మాట్‌లో చెరిగిపోయే సి డ్రైవ్‌లోనే ఉంటాయి. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే ఏ సిస్టమ్‌లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతివి, కావు కనుక, అవి లేని సిస్టమ్‌లో పాత శుభలేఖ తెరిస్తే వధూవరుల పేర్లున్న చోట ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. శ్రావణ మాసం ముహూర్తాలప్పుడు అలా జరిగితే ఆయన ఎంత అవస్థ పడతారో ఆలోచించండి.

సమర్పకురాలు: విండోస్ రీసెట్‌లో 'నా ఫైళ్లు ఉంచు' అన్న ఎంపిక ఉంది కదండీ, అది సరిపోదా?

మాస్టారు: సరిపోదండి. అది మన ఫైళ్లను మాత్రమే ఉంచి, మనం వేసుకున్న ప్రోగ్రాములను, మార్చుకున్న సెట్టింగులను తీసేస్తుంది. పాత విండోస్ ఇంకా పనిచేస్తూ ఉంటే, దానిలోంచే కొత్త విండోస్ సెటప్ నడిపి, ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచమని ఎంచుకోవడం మేలు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే, అంటే కంప్యూటర్‌ను దానితో మొదలుపెడితే, ఆ అవకాశం ఉండదు.

సమర్పకురాలు: ఫార్మాట్ తప్పదనుకున్నప్పుడో?

మాస్టారు: యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు కింద యాప్‌డేటా అనే ఫోల్డర్ దాగి ఉంటుంది. దాగిన ఫైళ్లు కనిపించేలా పెట్టుకుని దానిని కాపీ చేసుకోవాలి. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం తెచ్చుకుంటే పాస్‌వర్డులు కూడా వస్తాయి. క్రోమ్ మాత్రం పాస్‌వర్డులను ఆ విండోస్ ఖాతాకు ముడిపెట్టి గుప్తీకరిస్తుంది కనుక, ఫోల్డర్ కాపీని నమ్ముకోకుండా ముందే గూగుల్ ఖాతాతో సింక్ చేసుకోవాలి, లేదా విడి ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకుని పని అయ్యాక ఆ ఫైలును చెరిపేయాలి.

సమర్పకురాలు: విండోస్‌కు బదులు లినక్స్ వాడేవారి సంగతి?

మాస్టారు: వారికి ఈ పని చాలా సులువు, అందుకే మా విద్యార్థులకు నేను మొదట ఇదే చూపిస్తాను. వాడుకరి సెట్టింగులు దాదాపు అన్నీ హోమ్ డైరెక్టరీ అనే సొంత ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే పేర్లున్న ఫైళ్లలో, ఫోల్డర్లలో ఉంటాయి. హోమ్‌కు మొదటే డిస్కులో వేరు భాగం, అంటే పార్టిషన్, కేటాయించుకుంటే, కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సిస్టమ్ ఉండే రూట్‌ను మాత్రమే ఫార్మాట్ చేసి, హోమ్‌ను ఫార్మాట్ చేయకుండా జోడిస్తే చాలు. పాత యూజర్ పేరే పెట్టండి. ఫైలు ఎవరిదో లినక్స్ యూజర్ సంఖ్యను బట్టి గుర్తిస్తుంది; ఉబుంటు అనే లినక్స్‌లో మొదటి యూజర్ సంఖ్య 1000, తర్వాతివారికి ఆ పై సంఖ్యలు వరుసగా వస్తాయి కాబట్టి, ఒకరికంటే ఎక్కువమంది వాడే సిస్టమ్‌లో ఖాతాలను పాత వరుసలోనే సృష్టించాలి. లేకపోతే ఒకరి ఫైళ్లు మరొకరి పేరుకు మారిపోతాయి.

సమర్పకురాలు: పాత సెట్టింగులు కొత్త వెర్షన్‌తో పేచీ పెట్టవాండి?

మాస్టారు: అప్పుడప్పుడు పెడతాయి. అప్పుడు ఆ ఒక్క ప్రోగ్రాము ఫోల్డర్‌కు వేరే పేరు పెట్టి, ఆ ప్రోగ్రామును మళ్లీ తెరిస్తే అది కొత్త ఫోల్డర్ సృష్టించుకుంటుంది, మిగతావన్నీ మునుపటిలాగే ఉంటాయి.