వన్స్‌మోర్‌కి వంద రూపాయలు

(తెనాలిలో ఒక డిగ్రీ కాలేజీ విద్యార్థులు అక్టోబరు పింక్ వాక్‌కి ముందు పెట్టుకున్న సభలో, రిటైరైన ఆర్టీసీ కండక్టర్ ఒకరు చేసిన ప్రసంగం)

వేదిక మీది ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లకి, నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చిన ఎన్ఎస్ఎస్ మాస్టారికి, రెండుసార్లు కరెంటు పోయినా విసుక్కోకుండా మైకు సరిచేసిన తమ్ముడికి నమస్కారం. పిల్లలూ, మీకు కూడా.

ఇందాక నా పరిచయం చదివిన అమ్మాయి 'ప్రముఖ సంఘ సేవకులు' అంది. అది కొట్టెయ్యమ్మా. 1985లో ఆర్టీసీలో చేరాను, 2016లో రిటైరయ్యాను. 31 ఏళ్లు కండక్టరుగానే చేశాను. అందులో సగానికి పైగా రేపల్లె, తెనాలి, గుంటూరు రూటే. టికెట్టు వెనక చిల్లర బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు మర్చిపోయిన మనిషిగా అయితే ఈ చుట్టుపక్కల నేను ప్రముఖుణ్నే.

ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. "క్యాన్సర్ పేషెంట్ల కోసం వాక్ పెడుతున్నాం, థీమ్ పింక్. మీరు కూడా ఏటా ఏదో ఒకటి చేస్తారట కదా, పిల్లలకి నాలుగు ఐడియాలు చెప్పండి" అన్నారు మాస్టారు. సరేనని కాగితం మీద మూడు ముక్కలు రాసుకొచ్చాను. డబ్బు ఎలా పోగు చెయ్యాలి, లెక్క ఎలా రాయాలి, ఎవరికి ఎలా ఇవ్వాలి. చూద్దాం, ఎంతవరకు వెళ్తుందో.

థీమ్ అంటే మొదట నాకు అర్థం కాలేదు. మాకు తెలిసింది జోలె పట్టడం. 1952లో రాయలసీమ కరువుకి ఎన్టీ రామారావు గారు జోలె పట్టారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పటికి నాకు 19 ఏళ్లు. మా రేపల్లె వైపు నుంచి చూస్తే కృష్ణకి అవతలి గట్టే దివిసీమ. అప్పుడు కూడా రామారావు గారు, నాగేశ్వరరావు గారు ఊరూరా తిరిగారు. ఆ జోలెకి రంగు లేదు, టీషర్టు లేదు. కష్టమొచ్చింది, వెయ్యండి, అంతే.

అలాగని మీ థీమ్‌ని వెక్కిరించను. మా మనవరాలు ఫోన్లో ఒక కెనడా కుర్రాడి కథ చూపించింది. టెర్రీ ఫాక్స్ అని, సరిగ్గా నేను పుట్టిన 1958లోనే పుట్టాడు. ఎముక క్యాన్సర్ వచ్చి 18 ఏళ్లకి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్ 12న పెట్టుడు కాలితో పరుగు మొదలుపెట్టాడు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. దేశంలో తలకొక డాలరు ఇవ్వండి అన్నాడు. జబ్బు ఊపిరితిత్తులకి పాకాక ఆగాడు. తర్వాతి జూన్‌లో పోయాడు, 22 ఏళ్లకి. ఆయన పేరుతో ఇప్పుడు జరిగే పరుగుల్లో కంపెనీల ప్రకటనలు ఉండవట, ఆయన అప్పుడు పెట్టిన షరతు అది. మీ టీషర్టు మీద ముందువైపు రిబ్బను, వెనకవైపు ఒక బట్టల షాపు, ఒక రియల్ ఎస్టేటు, ఒక కోచింగ్ సెంటరు అచ్చు వేస్తున్నారని విన్నాను. సరే, చెప్పానంతే.

ఆ రిబ్బనుకి కూడా ఒక కథ ఉంది. అమెరికాలో షార్లట్ హేలీ అనే పెద్దావిడ ఉండేది. ఆవిడ ఇంట్లోనే ఆడవాళ్లకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. తన భోజనాల బల్ల మీద లేత నారింజ రంగు రిబ్బన్లు చేతులతో చుట్టి, ఐదేసి చొప్పున కార్డుకి గుచ్చి పంచేది. 1992లో ఒక పత్రిక వాళ్లు వచ్చి మాతో కలవమంటే, మీది వ్యాపారం, నేను రాను అంది. అప్పుడు వాళ్లు రంగు మార్చుకుని పింక్ పెట్టుకున్నారు. అదే ఇప్పుడు మనందరి చొక్కాల మీదికి వచ్చింది.

ఇంకొక మాట. పింక్ అంటే రొమ్ము క్యాన్సర్, దానికని అక్టోబరు నెల. నా బస్సెక్కిన క్యాన్సర్ పేషెంట్లలో మగవాళ్లది ఎక్కువగా నోరు, గొంతు. ఖైనీ, గుట్కా, చుట్ట. మన దేశంలో మగవాళ్లకి అన్నిటికంటే ఎక్కువ వచ్చేది నోటి క్యాన్సరే. ఆడవాళ్లలో రొమ్ము తర్వాత గర్భాశయ ముఖద్వారం. శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లు అడ్డపొగ తాగేవారు, చుట్ట వెలిగించి నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని. వాళ్లకి అంగిట్లో వచ్చేది. వీళ్లందరికీ రంగు లేదు, నెల లేదు. గుట్కా నమిలేవాడి కోసం నడవండి అంటే మీరు ఇంతమంది వస్తారా? ఆ చివరి బెంచీ అబ్బాయి నవ్వుతున్నాడు. జేబులో ఏముందో చూపించమనను, భయపడకు.

సరే, మొదటి పాయింటు. డబ్బు పోగు చెయ్యడం. మీ కార్యక్రమం కాగితం నా చేతికిచ్చారు, అది చూసి చెప్తాను. ఒకటి, జ్యోతి ప్రజ్వలన. రెండు, ప్రార్థన. మూడు, అతిథులకు సన్మానం. నాలుగు, ఐదు... ఆరు.

ఆరో అంశం. 'బాధితురాలికి వేదికపై చెక్కు ప్రదానం.'

మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఈ కాగితం ఇందాక కారులో చదివినప్పటి నుంచి నా మనసు ఇక్కడే ఆగిపోయింది. రాసుకొచ్చింది కాసేపు పక్కన పెడతాను.

2012లో మా అక్కకి రొమ్ములో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకి పంపితే అదేనన్నారు. ఆపరేషన్ అయింది, 21 రోజులకోసారి మందు ఎక్కించారు, ఆరుసార్లు. ఆ తర్వాత కరెంటు పెట్టాలి, అదే రేడియేషన్, వారానికి ఐదు రోజులు, మొత్తం 25 సిట్టింగులు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది కాబట్టి వైద్యం ఖర్చు కార్డు మీద పోయింది. పైఖర్చులు కార్డు మీద పోవు. మా బావ అప్పటికే లేడు. నేను ఆ ఏడే పెద్దమ్మాయి పెళ్లి చేసి, పీఎఫ్ లోను కూడా వాడేసి ఉన్నాను. అప్పుడు ఒక సంఘం వాళ్లు, పేరు వద్దు, పింక్ నైట్ అని పెద్ద ఫంక్షన్ పెడుతున్నారు, ఒక పేషెంటుకి 25 వేలు ఇస్తారు, మీ అక్కని తీసుకురా అన్నారు.

అక్క రానంది. ఊళ్లో టైఫాయిడ్ అని చెప్పుకుంటున్నాం మరి. "ఒరేయ్, మనమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడెందుకురా" అంది. నేనే బతిమాలాను. ఎవరో బలవంతపెట్టలేదు పిల్లలూ, నేనే.

పింక్ చీర ఇచ్చి కట్టుకోమన్నారు. తలకి కొంగు చుట్టుకుని ఉంది, జుట్టు మొత్తం రాలిపోయింది కదా. ఫోటో తీసే ముందు ఒకావిడ వచ్చి, "కొంచెం కొంగు తియ్యండమ్మా, తెలియాలి కదా" అంది. అక్క నా వైపు చూసింది. నేను తల ఊపాను. తీసింది. నాలుగడుగుల థర్మాకోల్ బోర్డు, దాని మీద చెక్కులాగా అచ్చువేసి, 25,000 అని అరచేతి వెడల్పు అంకెలు. ఆ బోర్డు పట్టుకుని తొమ్మిదిమంది నిలబడ్డారు, మధ్యలో అక్క. మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ వారం పిల్లని చూడ్డానికి వస్తామన్నవాళ్లు రాలేదు. ఎందుకని మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

అసలు చెక్కు రెండు నెలల తర్వాత వచ్చింది. 15 వేలకి. మిగతాది ఏదని అడిగితే ఫంక్షన్ ఖర్చులన్నారు. అప్పటికి 25 సిట్టింగులూ అయిపోయాయి. మా డిపోలో డ్రైవర్లు, కండక్టర్లు తలా ఇంత వేసి గడిపారు.

ఆ బోర్డు మాత్రం ఆ రోజే ఇంటికి పంపారు. పారేద్దామంటే అక్క ఒప్పుకోలేదు. వసారా కిటికీకి తలుపు లేదు, వానాకాలం జల్లు కొట్టేది, దానికి కట్టింది. అంకెలు లోపలి వైపు పెట్టక్కా అన్నాను. "ఊరికి చూపించిందే కదరా, ఇంక దాచేదేముంది" అని బయటికే పెట్టింది. అక్క ఇంకో నాలుగేళ్లు బతికింది. నేను వెళ్లినప్పుడల్లా సందు మలుపు తిరగగానే కనిపించేది, ఇరవై ఐదు వేలు.

మంచినీళ్లు ఇవ్వమ్మా.

ఐదు నిమిషాలు అయిపోయాయని మాస్టారు వాచీ చూస్తున్నారు. బస్సు లేటయితే కండక్టర్‌ని తిట్టడం మామూలే, తిట్టండి.

ఐడియాలు అడిగారు కదా. మేం చేసేది చెప్తాను. మేం ఆరుగురం, ఐదుగురు డిపో వాళ్లు, ఒక టీ కొట్టాయన. మా గుంపుకి పేరు లేదు, బోర్డు లేదు. మనది నాటకాల ఊరు. ఆంధ్రా ప్యారిస్ అన్నారంటే ఊరికే అనలేదు. అందుకని మేం పద్యాల రాత్రి పెట్టాం. నాటకం కాదు, ఉత్త పద్యాలు. మేకప్ లేదు, కిరీటాలు లేవు. ఒక హార్మోనియం, ఒక తబలా, ఒక మైకు. లోపలికి రావడం ఉచితం. కానీ వన్స్‌మోర్ అనాలంటే వంద రూపాయలు. నా పాత కండక్టరు సంచీ భుజానికి వేసుకుని నేనే తిరిగాను. వంద ఇస్తేనే చీటీ, చీటీ చూపిస్తేనే మళ్లీ పద్యం.

మొదటి ఏడు ఏం జరిగిందంటే, పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒకాయన రాయబారం పద్యం అందుకున్నాడు. రాగం తీస్తే ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలీదు. ముందు వరసలో కొల్లూరు వైపు రైతు ఒకాయన వన్స్‌మోర్ అని వంద ఇచ్చాడు. మళ్లీ పాడాడు. మళ్లీ వంద. ఏడోసారికి కాంపౌండరు గారి గొంతు బొంగురుపోయింది. నాకు సైగ చేస్తున్నాడు, ఆపించమని. నేనెందుకు ఆపుతాను, సంచీ నిండుతుంటే. ఇంతలో వెనక నుంచి ఎవరో అరిచారు, "ఆపడానికి ఎంత?" ఆలోచించి రెండొందలు అన్నాను. ఆయన రెండొందలు కట్టాడు. రైతు మూడొందలు తీసి మళ్లీ పాడమన్నాడు. అక్కడి నుంచి వేలంపాటే. జనం రెండు జట్లు అయిపోయారు, పాడమనేవాళ్లు, ఆపమనేవాళ్లు. కాంపౌండరు గారు పదకొండోసారి పాడి మైకు కింద పెట్టేసి, "అయ్యా, నాకూ క్యాన్సర్ వచ్చేట్టుంది, గొంతులో" అన్నాడు. ఆ మాటకి ఇంకో ఐదొందలు పడ్డాయి.

ఆ రాత్రి 41,300 వచ్చింది. మైకుకి, టీలకి, తబలా ఆయన దారిఖర్చులకి 6,200 పోయింది. ఇవి టీ కొట్టు గోడ మీద కాగితం అంటించి రాశాం, పైసాతో సహా. రెండో పాయింటు అదే, లెక్క. టికెట్టు కొట్టకుండా డబ్బు తీసుకుంటే మా ఉద్యోగాలు పోయేవి. మీరు కూడా రశీదు లేకుండా రూపాయి ముట్టుకోవద్దు. ఎవరైనా పెద్ద మొత్తం ఇచ్చి ఇన్‌కమ్ ట్యాక్సులో విరాళం మినహాయింపు అడిగితే, అది రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలే ఇవ్వగలవు, అదీ రెండు వేలు దాటిన నగదుకి వర్తించదు. మీకు లేదని చెప్పెయ్యండి, అబద్ధం ఆడొద్దు.

ఇంక మూడోది. కరెంటుకి వచ్చే మనిషికి రోజూ ఏం ఖర్చవుతుందో ఎప్పుడైనా వేశారా? బస్సు సంగతి చూస్తే, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఉచితం. మంచిది. హైదరాబాదో చెన్నై అడయారు క్యాన్సర్ ఆస్పత్రికో వెళ్లేవాళ్లకి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ పేషెంటుకి పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి వాళ్లు ఫారం మీద సంతకం పెట్టాలి. ఇది తెలియక పూర్తి టికెట్టు కొనుక్కుని వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పైసా ఖర్చు లేకుండా మీరు చెయ్యగలిగిన పని ఇది, ఆ ఫారం నింపిపెట్టడం.

అవి పోగా మిగిలింది చూడండి. బస్టాండు నుంచి ఆస్పత్రికి ఆటో, రానూపోనూ వంద. ఇద్దరి తిండి రెండొందలు. తోడొచ్చినవాడి కూలి పోయింది, తక్కువలో తక్కువ నాలుగొందలు. రోజుకి ఏడొందలు. 25 రోజులకి 17,500. లోపల యంత్రం కింద పడుకునేది పది, పదిహేను నిమిషాలే, దానికోసం రోజంతా పోతుంది. చాలామంది పదిహేనో సిట్టింగుకో పద్దెనిమిదో సిట్టింగుకో మానేస్తారు, నొప్పి తగ్గింది కదా అని. నొప్పి ఒక వంక. జేబు ఖాళీ అయిందని చెప్పలేక ఆ మాట అంటారు. మధ్యలో ఆపితే చేసిందంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది.

మేం ఇచ్చేది అదే. సోమవారం పొద్దున ఒక కవరు, అందులో వారానికి సరిపడా. బస్టాండులో, టీ కొట్టు దగ్గర, ఎవరూ చూడకుండా చేతిలో పెట్టేస్తాం. కాగితం మీద పేరు రాయం, సిట్టింగు నంబరు రాస్తాం.

ఇప్పుడు మీ లెక్క. 300 టీషర్టులు, ఒక్కోటి 180, అంటే 54,000. ఫ్లెక్సులు, స్టేజీ, ఇవిగో నా మీద కప్పిన ఈ శాలువా, ఈ పూలగుత్తి. టీషర్టుల డబ్బుతోనే ముగ్గురికి కరెంటు పూర్తవుతుంది. ప్రిన్సిపాల్ గారూ, కోపం తెచ్చుకోకండి. ఇంట్లో ఉన్న గులాబీ రంగు చొక్కా వేసుకు రమ్మనండి, లేనివాళ్లు తెల్లది వేసుకుంటారు. నడవండి, పాడండి, ముగ్గులు వెయ్యండి, ఆవకాయ పెట్టి అమ్మండి, ఏ థీమైనా పెట్టుకోండి. ఆరో అంశం మాత్రం... అమ్మా, ఆ పెన్ను ఇటివ్వు. కొట్టేస్తున్నాను. మీరు చూశారు, మాస్టారు కూడా చూశారు.

నా సంచీ తెచ్చాను. ఇది అదే, పద్యాలప్పటి సంచీ. రేపు తొలి బస్సుకి రేపల్లె నుంచి ఒకాయన వస్తాడు, పద్నాలుగో సిట్టింగు. చిల్లరైనా పర్లేదు, నోట్లయినా పర్లేదు, అందరికీ చీటీ ఇస్తాను. ఆ మూడో వరసలో కళ్లు మూసుకున్న బాబూ, 31 ఏళ్లు చూశాను, నిజంగా నిద్రపోయేవాడి తల అలా నిటారుగా ఉండదు. లేవండి, లేవండి. కొంచెం ముందుకి జరగండమ్మా, వెనకాల దారి ఇవ్వండి. టికెట్, టికెట్.