హైకూ డెస్క్‌టాప్: పసుపు ట్యాబు నుంచి ఫైలు లోపలి దాకా

[తెర మీద: నీలం డెస్క్‌టాప్. పై కుడి మూలలో నిలువు పట్టీ. ఒకదాని మీద ఒకటి మూడు విండోలు, ఒక్కోదాని నెత్తిన చిన్న పసుపు ట్యాబు.]

దీన్ని చూడగానే ఇదేదో లినక్స్ డిస్ట్రో అనుకుంటారు చాలామంది. కాదు. హైకూ ఒక విడి ఆపరేటింగ్ సిస్టమ్. దాని కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే మూల భాగం) వేరు, ఫైల్ సిస్టమ్ వేరు, తెర మీద విండోలు గీసే సర్వర్ కూడా వేరు. దీనికి మూలం బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్. ఆపిల్‌ వదిలి వచ్చిన జాన్-లూయీ గాసే 1990లో పెట్టిన బీ కంపెనీ దాన్ని తయారుచేసింది. 2001లో ఆ కంపెనీ ఆస్తుల్ని చేతి కంప్యూటర్ల కంపెనీ పామ్ కొనేసింది. బీఓఎస్ పోకూడదని కొందరు ప్రోగ్రామర్లు అదే ఏడాది దాన్ని కొత్తగా రాయడం మొదలుపెట్టారు. 2004లో ఆ ప్రాజెక్టుకు హైకూ అని పేరు పెట్టారు. 2024 సెప్టెంబరులో ఐదో బీటా (తుది విడుదలకి ముందు పరీక్షకి ఇచ్చే వెర్షన్) వచ్చింది. ఈ వీడియోలో చూపించేదంతా ఆ బీటా మీదే.

చూడ్డానికి పాతకాలపు డెస్క్‌టాప్‌లా ఉంటుంది. వాడి చూస్తే ఇందులో అలంకారానికి పెట్టింది చాలా తక్కువని తెలుస్తుంది. ప్రతి ఆకారం వెనకా ఒక పని ఉంది.

ముందు బూట్ సంగతి. సిస్టమ్ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి రాసి నేరుగా బూట్ చేయొచ్చు. కనీసం 384 ఎంబీ ర్యామ్ చాలంటారు గానీ, బ్రౌజర్ తెరవాలంటే 2 జీబీ ఉంచుకోండి. పెన్‌డ్రైవ్ కనిపించినా బూట్ కాకపోతే మొదట చూడాల్సింది సెక్యూర్ బూట్, అంటే గుర్తింపు లేని సిస్టమ్‌లని బూట్ కానివ్వని కాపలా. బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేయాలి. హార్డ్‌డిస్కులో వేసుకునేవాళ్లు డిస్కుని సిద్ధం చేసే ప్రోగ్రామ్ డ్రైవ్‌సెటప్‌లో ఆ పార్టిషన్‌ని బీ ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేయాలి. ఇది చేయకపోతే ఇన్‌స్టాలర్‌ ఆ పార్టిషన్‌ని తీసుకోదు.

[తెర మీద: కుడి మూలలోని పట్టీ పెద్దదిగా.]

ఈ పట్టీ డెస్క్‌బార్. పైన ఆకు గుర్తున్న మెనూ, దాని కింద గడియారం, ఇంకా కింద నడుస్తున్న ప్రోగ్రాములు. పట్టీకి ఉన్న చిన్న పట్టుకొమ్మని మౌస్‌తో పట్టుకుని లాగితే ఏ మూలకైనా, పై అంచుకైనా కింది అంచుకైనా వెళ్తుంది. ఏదైనా ప్రోగ్రామ్ బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కి ఉంచి, డెస్క్‌బార్‌లో దాని పేరు మీద క్లిక్ చేయండి. అక్కడికక్కడే ఆగిపోతుంది. సేవ్ చేయని పని పోతుంది కాబట్టి ఇది ఆఖరి మార్గంగానే వాడండి.

కీబోర్డు దగ్గర కొత్తవాళ్లందరికీ తడబాటే. ఇక్కడ కాపీకి ఆల్ట్ సీ, పేస్ట్‌కి ఆల్ట్ వీ. కంట్రోల్ సీ నొక్కి ఏమీ జరగలేదని చాలామంది కంగారు పడతారు. కీమ్యాప్ (ఏ కీ ఏం చేయాలో చెప్పే) సెట్టింగుల్లో విండోస్ పద్ధతికి మార్చే బటన్ ఉంది. మార్చినా తప్పు లేదు గానీ, మార్చకుండా కొన్నాళ్లు వాడి చూడమనే చెబుతాను. టెర్మినల్‌లో కంట్రోల్ సీ అంటే నడుస్తున్న కమాండ్‌ని ఆపడం. కాపీ ఆల్ట్ మీద ఉంటే ఈ రెంటికీ గొడవే రాదు.

ఇప్పుడు పసుపు ట్యాబు.

[తెర మీద: ఒకదాని మీద ఒకటి పడి ఉన్న మూడు విండోలు. షిఫ్ట్ పట్టుకుని ట్యాబుల్ని పక్కకి జరుపుతున్న దృశ్యం.]

విండో వెడల్పంతా పట్టీ ఉంటే కింది విండో పట్టీ పూర్తిగా కప్పుకుపోతుంది. ఇక్కడ పేరు పట్టేంత మేరకే ట్యాబు. షిఫ్ట్ నొక్కి ట్యాబుని లాగితే అది విండో పై అంచు వెంట జరుగుతుంది. మూడు విండోలు ఒకే చోట ఉన్నా మూడు పేర్లూ కనిపించేలా పేర్చుకోవచ్చు. ట్యాబు మీద కుడి క్లిక్ చేస్తే ఆ విండో అన్నిటికన్నా వెనక్కి వెళ్తుంది, డబుల్ క్లిక్ చేస్తే డెస్క్‌బార్‌లోకి దాక్కుంటుంది.

ఇక విండోస్ గుర్తున్న కీ నొక్కి ఉంచి, ఒక విండో ట్యాబుని ఇంకో విండో ట్యాబు మీదికి లాగండి. రంగు మారగానే వదిలేయండి. రెండూ ఒకే చట్రంలోకి వచ్చి, పక్కపక్కన ట్యాబులుగా నిలబడతాయి. ఇందులో ఒకటి టెర్మినల్, ఒకటి ఫోల్డర్, ఇంకొకటి ఎడిటర్ అయినా ఫర్వాలేదు. బ్రౌజర్ ట్యాబుల సౌకర్యం ఏ ప్రోగ్రామ్‌కైనా దొరికినట్టే. అదే కీతో ఒక విండో అంచుని ఇంకో విండో అంచుకి ఆనిస్తే రెండూ అతుక్కుంటాయి. ఒకదాన్ని పెద్దది చేస్తే రెండోది దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. విడదీయాలంటే మళ్లీ అదే కీ పట్టుకుని బయటికి లాగడమే. వర్చువల్ మెషీన్‌లో ఇది పనిచేయడం లేదంటే, బయటి సిస్టమ్ ఆ కీని తనే లాక్కుంటోందని అర్థం. వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో కీబోర్డు మొత్తం లోపలికే వెళ్లేలా పెట్టుకోండి.

వర్క్‌స్పేసులు, అంటే విడివిడి డెస్క్‌టాప్‌లు, 32 దాకా పెట్టుకోవచ్చు. ఆల్ట్ పట్టుకుని ఎఫ్1, ఎఫ్2 నొక్కితే మారతాయి. ఒక్కో వర్క్‌స్పేసుకి వేరే రిజల్యూషన్ కూడా ఇవ్వొచ్చు.

[తెర మీద: ట్రాకర్ విండో. హోమ్ ఫోల్డర్ మీద కుడి క్లిక్.]

ఫైళ్లు చూపించేది ట్రాకర్. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేస్తే, లోపలున్నవన్నీ మెనూలోనే ఒకదాని వెంట ఒకటి తెరుచుకుంటాయి. ఒక్క విండో కూడా తెరవకుండా నాలుగు ఫోల్డర్ల లోతున ఉన్న ఫైలుని అందుకోవచ్చు.

అయితే హైకూ అసలు బలం ఫైలు లోపల ఉంది. ఫొటో వెనక పేరూ తేదీ రాసి పెట్టుకున్నట్టు, ఇక్కడ ప్రతి ఫైలుకీ అదనపు వివరాలు అంటించి ఉంచొచ్చు. వాటిని యాట్రిబ్యూట్లు అంటారు. ఈ ఫైల్ సిస్టమ్‌ని మొదట బీ కోసం డొమినిక్ జాంపోలో, సిరిల్ మౌరిలన్ రాశారు. జాంపోలో తర్వాత ఆపిల్‌లో స్పాట్‌లైట్ (మ్యాక్‌లో ఫైళ్లు వెతికే సౌకర్యం) మీద పనిచేశారు. ఆ బంధుత్వం ఇక్కడ చూస్తే తెలిసిపోతుంది.

చేసి చూద్దాం. డెస్క్‌బార్ మెనూలో అప్లికేషన్స్, అందులో పీపుల్ తెరవండి. పేరు, ఊరు, ఫోన్ రాసి సేవ్ చేయండి. ఇలా నలుగురైదుగురివి చేశాక, ఆ ఫైళ్లున్న ఫోల్డర్ తెరిచి యాట్రిబ్యూట్స్ మెనూలో ఊరు, ఫోన్ ఎంచుకోండి.

[తెర మీద: ఫోల్డర్ విండోలో పేరు, ఊరు, ఫోన్ నిలువు వరుసలు.]

ఫోల్డరే అడ్రస్ పుస్తకం అయిపోయింది. ఊరు పేరు మీద క్లిక్ చేసి అక్కడే దిద్దొచ్చు. ఈ ఫైలు సైజు చూడండి: సున్నా. ఉన్న సమాచారమంతా యాట్రిబ్యూట్లలోనే ఉంది. ఇప్పుడు డెస్క్‌బార్ మెనూలో ఫైండ్ తెరిచి, రకం దగ్గర పర్సన్ ఎంచుకుని, యాట్రిబ్యూట్ ద్వారా వెతకమని చెప్పి, ఊరి దగ్గర గుంటూరు అని ఇవ్వండి. ఫలితాల విండోని మూయకండి. గుంటూరులో ఉండే ఇంకొకరి పేరు పీపుల్‌లో సేవ్ చేస్తే, ఆ పేరు ఈ విండోలోకి దానంతటదే వచ్చేస్తుంది. ఈమెయిళ్లు కూడా విడివిడి ఫైళ్లే. పంపినవారు, విషయం, తేదీ యాట్రిబ్యూట్లలో ఉంటాయి, అందుకే వాటికీ ఇదే వెతుకులాట పనికొస్తుంది.

ఇక్కడ దెబ్బతినే చోట్లు రెండు. మొదటిది ఇండెక్స్, అంటే త్వరగా వెతకడానికి సిస్టమ్ రాసి ఉంచుకునే జాబితా. క్వెరీలో (ఫైండ్‌లో ఇచ్చే వెతుకులాటలో) కనీసం ఒక షరతైనా ఇండెక్స్ ఉన్న యాట్రిబ్యూట్ మీద ఉండాలి. సొంతంగా కొత్త యాట్రిబ్యూట్ పెట్టుకుంటే ముందు టెర్మినల్‌లో ఎంకే‌ఇండెక్స్ కమాండ్‌తో ఇండెక్స్ తయారుచేయండి. ఇండెక్స్ పుట్టాక రాసినవే అందులోకి చేరతాయి, పాత ఫైళ్లు చేరవు. వాటిని రీఇండెక్స్ కమాండ్‌తో ఎక్కించాలి. ఫైలు కళ్ల ముందే ఉన్నా వెతికితే దొరకడం లేదంటే కారణం చాలాసార్లు ఇదే.

రెండోది ఇంకా ప్రమాదం. ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే యాట్రిబ్యూట్లన్నీ రాలిపోతాయి. మీ అడ్రస్ పుస్తకం అక్కడ సున్నా బైట్ల ఖాళీ ఫైళ్ల కుప్పగా మిగులుతుంది. కాపీ చేసే ముందు హైకూలోనే జిప్ చేయండి, తిరిగి హైకూలోనే విప్పండి. అప్పుడు అన్నీ భద్రం.

తెలుగు వాడేవాళ్లకి ఒక మాట. ఫైలు పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, అక్షరాలు సరిగ్గానే భద్రమవుతాయి. చూపించే దగ్గరే లోటు. హైకూ సొంత ప్రోగ్రాముల్లో గుణింతాలు, ఒత్తులు విడివిడిగా పడతాయి. అక్షరాల్ని కలిపి అమర్చే పని హైకూ విండో సర్వర్ ఇంకా చేయదు. క్యూటీ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన ప్రోగ్రాములు ఆ అమరికని తమతోనే తెచ్చుకుంటాయి. తెలుగు చదవడానికి ప్రోగ్రాములు దింపుకునే చోటైన హైకూడిపోలో దొరికే ఫాల్కన్ బ్రౌజర్‌ వేసుకోండి, దాంతోపాటు ఒక తెలుగు ఫాంట్ కూడా.

[తెర మీద: బూట్ మెనూ.]

చివరగా ప్యాకేజీలు. సిస్టమ్ ఫోల్డర్‌లో చాలా భాగం చదవడానికే, రాయనివ్వదు. ప్యాకేజీ ఫైళ్లు విప్పకుండానే అక్కడ మౌంట్ అవుతాయి కాబట్టి అంతే. దీనివల్ల ఒక గొప్ప లాభముంది. అప్‌డేట్ తర్వాత డెస్క్‌టాప్ రాకపోతే, మళ్లీ ఆన్ చేసి, పాత బయోస్ అయితే షిఫ్ట్ నొక్కి ఉంచండి, యూఈఎఫ్ఐ (కొత్త కంప్యూటర్లలో బయోస్ బదులు ఉండేది) అయితే స్పేస్ బార్ నొక్కుతూ ఉండండి. వచ్చిన మెనూలో బూట్ వాల్యూమ్ ఎంచుకునే చోట పాత స్థితులు తేదీలతో సహా ఉంటాయి. అప్‌డేట్‌కి ముందుదాన్ని ఎంచుకుని బూట్ చేయండి. హోమ్‌లోని మీ ఫైళ్లు ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, సిస్టమ్ ప్యాకేజీలు మాత్రమే వెనక్కి వెళ్తాయి.