యూనివర్సిటీలో కొలువు: అడగండి, చెబుతారు

యాంకర్: శ్రోతలకు నమస్కారం. కెమిస్ట్రీ బోధించి రిటైరైన ప్రొఫెసర్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను పరకాల నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. నెట్ అర్హత పరీక్ష పాసవలేదు. వరంగల్ నిట్‌లో, అదే ఇంజినీరింగ్ కాలేజీలో, పరిశోధన ప్రాజెక్టు పోస్టు పడింది, వెళ్లమంటారా? తర్వాత పర్మినెంట్ చేస్తారేమో అడగమన్నారు మా నాన్న.

ప్రొఫెసర్: ముందు నాన్నగారికి చెబుతాను. చేయరమ్మా. ఆ జీతం ప్రాజెక్టుకు వచ్చిన నిధుల్లోంచి ఇస్తారు. గడువు తీరిందంటే పోస్టూ పోతుంది. ప్రకటన అడుగున ఆ మాట రాసే ఉంటుంది, మనవాళ్లు జీతం అంకె చూసి అక్కడే ఆగిపోతారు. జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలో పోస్టయితే నెట్ గానీ గేట్ పరీక్ష గానీ అడుగుతారు. 2023 జనవరి నుంచి దానికి నెలకు 37,000, పైన ఇంటి అద్దె భత్యం. ప్రాజెక్ట్ అసోసియేట్ పోస్టయితే నెట్ లేనివారికీ అవకాశం ఉంటుంది, జీతం కాస్త తక్కువ. ఎంత కాలం మిగిలి ఉందో తప్పక అడగండి. ఆర్నెల్లే మిగిలితే గ్లాసు సామాను కడగడంతోనే సరిపోతుంది.

శ్రోత: ఇంటర్వ్యూలో ఏమడుగుతారు సార్?

ప్రొఫెసర్: పుస్తకం కంటే చేతిపని చూస్తారు. నేనైతే ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరు ముందు నిలబెట్టి, చేతికి కువెట్, అంటే ద్రావణం పోసే చిన్న పారదర్శక గొట్టం ఇచ్చేవాణ్ని. గరుకు వైపులు పట్టుకుంటే ల్యాబులో పనిచేసిన మనిషి. నున్నటి వైపు వేలు పెడితే ఆ మరక మీదుగా వెలుతురు పోతుంది, రీడింగు తప్పుతుంది. మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో మీరు స్వయంగా చేసిందేమిటో చెప్పగలగాలి. సీనియర్ చేసింది చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

యాంకర్: ములుగు నుంచి మరో శ్రోత.

శ్రోత: సార్, మా తమ్ముడు డిగ్రీ పాసయ్యాడు. నిట్‌లో జూనియర్ అసిస్టెంటుకు దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాడు. బీసీ సర్టిఫికెట్ సిద్ధంగా ఉంది.

ప్రొఫెసర్: ఏ సర్టిఫికెట్ బాబూ? రాష్ట్ర ఉద్యోగాలకు ఇచ్చేదా?

శ్రోత: అవును సార్, మీసేవలో తీశాం.

ప్రొఫెసర్: అది కాకతీయ యూనివర్సిటీలో చెల్లుతుంది, నిట్‌లో చెల్లదు. పేరు వరంగల్‌దే అయినా అది కేంద్ర సంస్థ. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే బీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని చెప్పేది, విడిగా తీసుకోవాలి. అంతకంటే ముందు మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూడండి. రాష్ట్ర జాబితాలో ఉండి అక్కడ లేనివీ ఉన్నాయి. ఉంటే వయసులో మూడేళ్ల సడలింపు దొరుకుతుంది. చివరి తేదీ రేపనగా తహసీల్దార్ ఆఫీసుకు పరుగెత్తకండి, వాళ్లకూ వేరే పనులుంటాయి.

యాంకర్: సమయం తక్కువగా ఉంది. కాజీపేట నుంచి, క్లుప్తంగా అడగండి.

శ్రోత: ల్యాబ్ అటెండర్ పోస్టు ఇప్పిస్తానని ఒకాయన రెండు లక్షలు అడుగుతున్నాడు. సగం ముందట, సగం ఆర్డరు వచ్చాక అంటున్నాడు సార్.

ప్రొఫెసర్: నోటిఫికేషన్ నంబరు ఎంతో అడిగారా?

శ్రోత: లోపలి నుంచే జరుగుతుందన్నాడు.

ప్రొఫెసర్: అయితే అసలు పోస్టే లేదమ్మా. ఇప్పటికే ఏమైనా ఇచ్చారా?

శ్రోత: ఇరవై వేలు ఫోన్‌పేలో పంపాం.

ప్రొఫెసర్: ఇంకో రూపాయి కూడా పంపకండి. ఆ చాటింగు చెరిపేయకుండా ఇప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. తర్వాత మాట్లాడుకుందాం, పెట్టేయండి.