ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు అభిమానులు వేసిన శిక్ష

(తెర మీద: రోమ్ నగరం, శీతాకాలపు సాయంత్రం, ఒక ఆసుపత్రి గేటు ముందు గుమిగూడిన ఫొటోగ్రాఫర్ల నలుపు తెలుపు చిత్రం)

నమస్కారం. 1950 ఫిబ్రవరి 2న రోమ్‌లోని ఒక ఆసుపత్రిలో ఒక మగబిడ్డ పుట్టాడు. ఆ బిడ్డ తల్లి ఎవరో తెలియనివారు ఆనాడు అమెరికాలో గాని, ఇటలీలో గాని బహుశా ఎవరూ లేరు. అయినా జనన నమోదులో తండ్రి పేరు మాత్రమే రాసి, తల్లి పేరును ప్రస్తుతానికి వెల్లడించడం లేదని పేర్కొన్నారు. ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధులైన స్త్రీలలో ఒకరు కన్న బిడ్డకు కాగితం మీద తల్లి లేకుండా పోవడానికి కారణం ఇటలీ చట్టం. ఆమెకు మొదటి భర్తతో వివాహబంధం ఇంకా తెగిపోలేదు కనుక, తల్లిగా ఆమె పేరు రాసిన మరుక్షణం ఆ భర్తే చట్టప్రకారం బిడ్డకు తండ్రి అవుతాడు. అందుచేత తండ్రిని నిలుపుకోవడానికి తల్లి పేరును దాచవలసి వచ్చింది.

ఆ తల్లి హాలీవుడ్ నటి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. తండ్రి ఇటలీ దర్శకుడు రాబర్టో రొసెల్లిని. వారి ప్రేమకథ చాలామంది చెప్పినదే. ఒక నటిని అంతగా ఆరాధించిన ప్రజలే ఆమెను అంత కఠినంగా ఎందుకు శిక్షించారన్నది ఈ వీడియోలో నేను వివరించదలచుకున్న విషయం. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఆ శిక్షకు మూలం ద్వేషం కాదు, ఆరాధనే.

బెర్గ్‌మన్ 1915లో స్టాక్‌హోమ్‌లో పుట్టింది. 1937లో పెట్టర్ లిండ్‌స్ట్రోమ్ అనే దంతవైద్యుణ్ణి పెళ్లాడింది. ఆయన తరువాతి కాలంలో నరాల శస్త్రచికిత్స నిపుణుడయ్యాడు. 1938లో వారికి పియా అనే కూతురు పుట్టింది. మరుసటి ఏడాది నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ఆమెను హాలీవుడ్‌కు రప్పించినప్పుడు, పేరు మార్చుకోవడానికీ, కనుబొమలు తీయించుకోవడానికీ, దట్టమైన మేకప్ వేసుకోవడానికీ ఆమె ఒప్పుకోలేదు. సెల్జ్‌నిక్ తెలివైనవాడు. ఆ నిరాకరణనే ఆమె ప్రచారానికి పునాదిగా మలచుకున్నాడు. మిగిలిన తారలందరూ కృత్రిమమనీ, ఈమె మాత్రం పొలం గట్టున పూచిన పువ్వు వంటిదనీ, మంచి ఇల్లాలనీ, ప్రేమగల తల్లి అనీ పత్రికలు రాశాయి. ఆమెకు వచ్చిన పాత్రలు కూడా దానికి తోడయ్యాయి. 1945లో ఒక చిత్రంలో క్రైస్తవ సన్యాసినిగా కనిపించింది. 1946లో న్యూయార్క్ రంగస్థలం మీద జోన్ ఆఫ్ ఆర్క్‌గా నటించింది. 1948లో అదే పాత్రను వెండితెర మీద పోషించింది. దైవం కోసం మంటల్లో కాలిపోయిన కన్యకు ఆమె ముఖం స్థిరపడిపోయింది.

పాత్రకూ మనిషికీ మధ్య గీత ఎలా చెరిగిపోతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 1963లో లవకుశ విడుదలైన తరువాత అంజలీదేవి ఎక్కడికి వెళ్లినా సాక్షాత్తు సీతమ్మ వచ్చిందని చేతులెత్తి మొక్కినవారి గురించి మన ఇళ్లలో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ మొక్కులో ఎంత ప్రేమ ఉందో అంత షరతూ ఉంది. సీతగా మొక్కించుకున్న మనిషి సీతగానే బతకాలి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. హాలీవుడ్ ప్రచారం చెప్పినంత ప్రశాంతంగా బెర్గ్‌మన్ కాపురం ఎన్నడూ లేదు. యుద్ధం ముగిసిన రోజుల్లో ప్రసిద్ధ యుద్ధ ఛాయాచిత్రకారుడు రాబర్ట్ కాపాను తాను ప్రేమించిన సంగతిని 1980లో వెలువడిన ఆత్మకథలో ఆమే స్వయంగా చెప్పింది. అప్పట్లో అది పతాక శీర్షికలకు ఎక్కలేదు. స్టూడియోలకూ గాసిప్ రచయితలకూ మధ్య ఉన్న ఇచ్చిపుచ్చుకోవడాలు అటువంటివి. ఒక తార వల్ల అందరికీ ఆదాయం వస్తున్నంత కాలం ఆమె రహస్యాలు భద్రంగా ఉండేవి. ఆమె ఆ కోట దాటి బయటకు వెళ్లిన నాడే కాపలా ఎత్తేశారు.

ఆమె బయటకు వెళ్లడం ఒక ఉత్తరంతో మొదలైంది. రొసెల్లిని తీసిన రెండు చిత్రాలను చూసి చలించిపోయిన బెర్గ్‌మన్ 1948లో ఆయనకు జాబు రాసింది. తనకు ఇంగ్లీషు బాగా వచ్చనీ, జర్మన్ మరిచిపోలేదనీ, ఫ్రెంచి అంతంతమాత్రమనీ, ఇటాలియన్‌లో మాత్రం 'నిన్ను ప్రేమిస్తున్నాను' అన్న మాట తప్ప మరేదీ రాదనీ, తనవంటి స్వీడిష్ నటి అవసరమైతే వచ్చి పని చేస్తాననీ ఆ జాబు సారాంశం. 1949 వసంతంలో ఆమె ఇటలీ చేరింది. స్ట్రోంబోలి అనే అగ్నిపర్వత ద్వీపంలో, అదే పేరుగల చిత్రం షూటింగ్‌లో ఉండగా ఆమె గర్భవతి అయింది.

(తెర మీద: సముద్రం మధ్య పొగ కక్కుతున్న స్ట్రోంబోలి)

ఇక పుకారు ఎలా నడిచిందో చూద్దాం. మన భాషలో 'అట' అన్న రెండక్షరాల మాట ఒకటుంది. వెళ్లిపోయిందట, గర్భవతట, ఇక రాదట. చెప్పినవారికి బాధ్యత ఉండదు, విన్నవారికి అనుమానం తీరదు. హాలీవుడ్‌లో ఆ 'అట'ను వృత్తిగా చేసుకున్నవారిలో హెడ్డా హాపర్, లౌఎల్లా పార్సన్స్ అనే ఇద్దరు కాలమిస్టులు అగ్రగణ్యులు. హాపర్ స్వయంగా రోమ్ వెళ్లి బెర్గ్‌మన్‌ను కలిసి, గర్భం వార్త నిజం కాదని రాసింది. మరోపక్క, బెర్గ్‌మన్ మేలు కోరిన ప్రచార నిర్వాహకుడు జోసెఫ్ స్టీల్, బిడ్డ పుట్టకముందే చిత్రాన్ని విడుదల చేస్తే నష్టం తగ్గుతుందన్న ఆశతో, ఆర్.కె.ఓ. స్టూడియో యజమాని హోవర్డ్ హ్యూస్‌కు అసలు సంగతి రహస్యంగా చెప్పాడు. ఆ తరువాత ఎక్కువ రోజులు గడవకుండానే, 1949 డిసెంబరులో పార్సన్స్ కాలమ్‌లో ఆ వార్త మొదటి పేజీకి ఎక్కింది. స్ట్రోంబోలి చిత్రం 1950 ఫిబ్రవరి నడుమ అమెరికాలో విడుదలయ్యే సమయానికి బిడ్డకు రెండు వారాలైనా నిండలేదు. ప్రకటనల్లో అగ్నిపర్వతపు లావా మండుతోంది. అమ్మకానికి పెట్టింది చిత్రాన్నా, అపవాదునా అన్నది ఆ ప్రకటనలు చూసినవారికి తెలియకపోలేదు.

ఈ కథలో మరొక స్త్రీ ఉంది. బెర్గ్‌మన్ రాకముందు రొసెల్లినితో జీవితం పంచుకున్న మహానటి అన్నా మన్యాని. తనను వదిలివేసిన తరువాత ఆమె అదే 1949లో, అదే ద్వీపాల సముదాయంలో మరో అగ్నిపర్వత చిత్రంలో నటించింది. ఇటలీ పత్రికలు దానికి అగ్నిపర్వతాల యుద్ధమని పేరు పెట్టాయి. మన్యాని చిత్రం తొలి ప్రదర్శన రోమ్‌లో జరిగిన సాయంత్రం ఏ తేదీయో ఊహించగలరా? 1950 ఫిబ్రవరి 2. ప్రదర్శనకు వచ్చిన విలేకరులు బెర్గ్‌మన్ ప్రసవించిందన్న కబురు తెలియగానే లేచి ఆసుపత్రికి పరుగెత్తారు. ఎంతో కష్టపడి ద్వీపంలో రాళ్ల మధ్య నటించి వచ్చిన మన్యాని పనిని చూడవలసిన కళ్లు ఆ రాత్రి ఆసుపత్రి కిటికీల మీద వాలాయి. వ్యభిచారపు వార్త వల్ల నష్టపోయినవారిని లెక్కించేటప్పుడు ఈమెను మనం మరిచిపోతాము. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ బాధ కలిగించే సాయంత్రం అదే.

1950 మార్చి 14న కొలరాడోకు చెందిన సెనేటర్ ఎడ్విన్ జాన్సన్ అమెరికా సెనేట్‌లో లేచి, బెర్గ్‌మన్‌ను చెడుకు బలమైన ప్రేరణగా వర్ణించాడు. రొసెల్లినినీ ఆయన విడిచిపెట్టలేదు, తీవ్రమైన మాటలే అన్నాడు. నటీనటులకూ నిర్మాతలకూ చిత్రాలకూ శీల ప్రమాణాల ప్రకారం ప్రభుత్వమే లైసెన్సులు ఇవ్వాలని ఒక బిల్లు ప్రతిపాదించాడు. అది చట్టం కాలేదు. కాని మెంఫిస్‌లో సెన్సారు అధికారి లాయిడ్ బిన్‌ఫర్డ్ ఆమె చిత్రాన్ని నిషేధించాడు. హాలీవుడ్ తలుపులు మూసుకున్నాయి. ఇద్దరినీ తిట్టినా నష్టం సమానం కాలేదు. రొసెల్లిని పని ఇటలీలో ఉంది, అది కొనసాగింది. బెర్గ్‌మన్ పని, ఇల్లు, పదకొండేళ్ల కూతురు అమెరికాలో ఉండిపోయాయి.

1950 మే 24న మెక్సికోలో, వధూవరులిద్దరూ అక్కడ లేకుండానే, ప్రతినిధుల ద్వారా వారి పెళ్లి జరిగింది. 1952లో ఇసబెల్లా, ఇసోట్టా అనే కవలలు పుట్టారు. అదే ఏడాది లాస్ ఏంజిలిస్ న్యాయస్థానంలో, వేసవికి కూతురిని తన దగ్గరకు పంపాలని బెర్గ్‌మన్ పెట్టుకున్న విన్నపం మీద విచారణ జరిగినప్పుడు, పియా తాను ఇటలీ వెళ్లదలచుకోలేదని న్యాయమూర్తి ఎదుట చెప్పింది. విన్నపం తిరస్కరించారు. పియా మాటలు మర్నాడు పత్రికల్లో వచ్చాయి. తల్లి తన నిర్ణయానికి చెల్లించిన మూల్యం ఉంది, సరే. కాని భర్త, పిల్ల ఏ తప్పూ చేయకుండానే వీధిలో నిలబడ్డారు. ఆమె ప్రేమను సమర్థించే తొందరలో ఆ గాయాన్ని తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. తల్లీకూతుళ్లు 1957లో పారిస్‌లో మళ్లీ దగ్గరయ్యారు.

ఆమె తిరిగి రావడం ఎలా జరిగిందో చూస్తే ఆరాధన ఎంత పట్టుదలగలదో అర్థమవుతుంది. 1956లో అనస్తేషియా చిత్రం తయారవుతుండగా, అమెరికాలో అత్యంత ప్రజాదరణగల టెలివిజన్ కార్యక్రమాన్ని నడిపే ఎడ్ సలివన్ ఆమెను తన కార్యక్రమంలో చూపించాలా, వద్దా అని ప్రేక్షకులనే ఉత్తరాలు రాయమన్నాడు. ఏడున్నరేళ్లుగా ఆమెకు ప్రాయశ్చిత్తం చేసుకునే సమయం దొరికిందన్న భావం కూడా వ్యక్తం చేశాడు. ఇల్లాళ్లూ ఉద్యోగులూ పోస్టుకార్డు తీసుకొని ఒక నటి శీలం మీద తీర్పు రాసి తపాలా పెట్టెలో వేయడాన్ని ఒకసారి ఊహించండి. ఆమెను సొంత మనిషి అనుకోకపోతే ఎవరు రాస్తారు? 1957 మార్చిలో ఆ చిత్రానికి ఆమెకు రెండో ఆస్కార్ వచ్చింది. ఆమె పారిస్‌లో నాటకం ఆడుతున్నందున ఆమె తరఫున కారీ గ్రాంట్ అందుకున్నాడు.

ఈ కథకు మన దేశంతో నిజమైన సంబంధం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. 1956 చివర్లో చిత్రం తీయడానికి భారతదేశం వచ్చిన రొసెల్లిని, డాక్యుమెంటరీ దర్శకుడు హరిసాధన్ దాస్‌గుప్తా భార్య సోనాలీ దాస్‌గుప్తాతో ప్రేమలో పడ్డాడు. ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. బొంబాయిలో పత్రికలు హోటలు గుమ్మం దగ్గర కాపు కాశాయి. ఏడేళ్ల క్రితం రోమ్‌లో జరిగినదంతా మళ్లీ జరిగింది, ఈసారి నిందలన్నీ సోనాలీ వైపు మళ్లాయి. భర్త ఇండియాలో చిక్కుకుపోయాడని తెలిసిన బెర్గ్‌మన్, లండన్ వచ్చిన ప్రధాని నెహ్రూను కలిసి ఆయన బయటపడేందుకు సాయం కోరింది. తనను విడిచి మరొకరి వైపు వెళ్లిన భర్త కోసం ఆమె చేసిన పని అది. 1957 చివర్లో బెర్గ్‌మన్, రొసెల్లిని విడిపోయారు. సోనాలీ చిన్న కొడుకుతో రోమ్ చేరి, మిగిలిన జీవితమంతా అక్కడే గడిపి, 2014లో కన్నుమూసింది.

(తెర మీద: 1959 ఆస్కార్ వేదిక, లేచి నిలబడిన ప్రేక్షకులు)

1959లో ఆస్కార్ వేదిక మీదకు బెర్గ్‌మన్ వచ్చినప్పుడు సభ లేచి నిలబడింది. 1972లో సెనేటర్ చార్లెస్ పెర్సీ, 22 ఏళ్ల క్రితం అదే సభలో ఆమె మీద జరిగిన దాడికి విచారం ప్రకటించి, ఆ మాటలను సభా రికార్డులో చేర్పించాడు. 1975 ఏప్రిల్‌లో సహాయనటిగా మూడో ఆస్కార్ అందుకోవడానికి ఆమె మళ్లీ ఆ వేదిక ఎక్కింది. అదే విభాగంలో పోటీపడిన ఇటలీ నటి వాలెంటీనా కోర్టేజే నటన అద్భుతమని మెచ్చుకొని, బహుమతి తనకు రావాలని తాను కోరుకోలేదనీ, తనను క్షమించమనీ సభలో కూర్చున్న కోర్టేజేను వేడుకొని, దిగి వెళ్లిపోయింది.