తలకు తగిన హెల్మెట్: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ వారం హెల్మెట్ గురించి మాట్లాడుకుందాం. ఏది కొనాలి, ఎలా పెట్టి చూడాలి, ఎంత ఖర్చు పెడితే న్యాయం అని చాలామంది అడుగుతున్నారు. ఏళ్ల తరబడి బండివాళ్ల తలలకు హెల్మెట్లు పెట్టి చూసి ఇస్తున్న సలహాదారు మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. సార్, మూడు నెలల కిందట కొత్త హెల్మెట్ కొన్నాను. అరగంట బండి మీద ఉంటే చాలు, నుదుటి మధ్యలో వేలు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. తీశాక చూస్తే ఎర్రటి మచ్చ. టేపుతో కొలిచే కొన్నాను సార్, 58 సెంటీమీటర్లు వచ్చింది. సైజు సరైనదే.

సలహాదారు: టేపు ఎక్కడ పెట్టి కొలిచారు బాబూ?

శ్రోత: కనుబొమల పైనుంచి చుట్టూ సార్.

సలహాదారు: కనుబొమలకు రెండున్నర సెంటీమీటర్ల పైన, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటును చుట్టి రావాలి. అలాగే కొలిచారా?

శ్రోత: అలాగే సార్. రెండుసార్లు కొలిచాను.

సలహాదారు: అయితే కొలతలో తప్పు లేదు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు కణతల దగ్గర వేలు దూరుతోందా?

శ్రోత: ఆ... దూరుతుంది సార్. పక్కల వదులుగానే ఉంటుంది.

సలహాదారు: మీ నొప్పి అక్కడే ఉంది. టేపు చుట్టుకొలత చెబుతుంది కానీ ఆకారం చెప్పదు. గుండ్రటి తలకీ 58 వస్తుంది, ముందు నుంచి వెనక్కి కోలగా ఉన్న తలకీ 58 వస్తుంది. మీది కోల తల, కొన్నది గుండ్రటి తలకు చేసిన హెల్మెట్. అందుకే నుదుటి దగ్గరా వెనకా నొక్కుతోంది, పక్కల ఖాళీ ఉంటోంది. గుండ్రటి తలవాళ్లు కోల హెల్మెట్ కొంటే దీనికి తిరగబడుతుంది. వాళ్లకు కణతలు నొప్పి పుడతాయి.

శ్రోత: మరి ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోతుందా సార్?

సలహాదారు: వద్దు బాబూ. నూటికి తొంభైమంది ఇక్కడే పొరబడతారు. పెద్దది తీసుకుంటే నుదుటి నొప్పి తగ్గొచ్చు, పక్కల ఖాళీ మాత్రం ఇంకా పెరుగుతుంది. అప్పుడది తల మీద తిరుగుతుంది. మీకు కావలసింది అదే సైజులో వేరే ఆకారం. తయారీదారులు సాధారణంగా మూడు రకాలుగా చేస్తారు: గుండ్రం, మధ్యరకం, కోల. ఎక్కువమందిది మధ్యరకమే. మీ తలేదో తెలియాలంటే జుట్టు తడిపి అణిచి, పైనుంచి ఎవరి చేతనైనా ఒక ఫోటో తీయించుకోండి. ఆకారం కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

శ్రోత: కొందరు లోపలి థర్మోకోల్‌ని నొక్కే చోట కొంచెం గీకెయ్యమన్నారు సార్...

సలహాదారు: దయచేసి ఆ పని చేయకండి. మీ ప్రాణాన్ని కాపాడేది ఆ థర్మోకోలే. పైన పెంకు దెబ్బను ఒక చోట పడకుండా పరుస్తుంది. లోపలి థర్మోకోల్ నలిగిపోతూ ఆ దెబ్బ జోరును మింగుతుంది. తల ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా ఆగుతుంది. గీకిన చోట నలగడానికి ఏమీ మిగలదు. మార్చగలిగింది గుడ్డ మెత్తలు మాత్రమే. కొన్ని మోడళ్లకు వేరే మందంలో మెత్తలు దొరుకుతాయి, అడిగి చూడండి. దొరక్కపోతే హెల్మెట్టే మార్చండి. నొప్పి పుట్టే హెల్మెట్‌ని ఇవాళ కాకపోతే రేపు ట్యాంకు మీద పెట్టుకుని వెళ్తారు. నా భయమల్లా అదే.

యాంకర్: కొనేటప్పుడే ఈ నొప్పి తెలుసుకోవడం ఎలా?

సలహాదారు: షాపులో పెట్టుకుని కనీసం ఇరవై నిమిషాలు ఉండాలండీ. అద్దంలో ఒకసారి చూసుకుని తీసేస్తే ఏమీ తెలియదు. ఎముక మీద నొక్కే చోటు మొదటి ఐదు నిమిషాల్లో బయటపడదు, మెల్లగా బయటపడుతుంది. షాపువాళ్లు విసుక్కున్నా కూర్చోండి. తలా మీదే, డబ్బూ మీదే.

యాంకర్: మరో కాల్. హలో?

శ్రోత: హలో, నమస్తే అండీ. నాది డబ్బు సంగతి. ఒకే సైజు హెల్మెట్లు, ఒకదాని ధర ఇంకొకదానికి పదింతలు ఉంది. ఎక్కువ పెడితే పదింతలు కాపాడుతుందా?

సలహాదారు: కాపాడదండీ. ముందు చూడాల్సింది ప్రమాణం గుర్తు. మీరుండే చోట చట్టం ఏ గుర్తు అడుగుతుందో అది తప్పకుండా ఉండాలి. దాంతోపాటు ఐరోపా ప్రమాణం ఈసీఈ 22.06 గుర్తు ఉంటే నాకు ఇంకా నమ్మకం. ఏటవాలు దెబ్బకు తల ఎంత జోరుగా తిరుగుతుందో కొలిచే పరీక్ష అందులో ఉంది, పాత 22.05లో అది లేదు. రోడ్డు మీద తల నేరుగా పడేది తక్కువ, జారుతూ తిరుగుతూ తగిలేదే ఎక్కువ. స్ట్రాప్ మీద కుట్టిన చీటీ చూడండి, వలయంలో ఇంగ్లిష్ E అక్షరం, దాని పక్కన దేశం అంకె ఉంటాయి. ఆమోదం నంబరు 06తో మొదలైతే అది కొత్త ప్రమాణం.

శ్రోత: డాట్ అని వెనక స్టిక్కర్ ఉంటుంది కదండీ?

సలహాదారు: అది అమెరికా ప్రమాణం. తయారీదారు తానే పరీక్షించుకుని తానే అంటించుకునే గుర్తు. ప్రభుత్వం తర్వాత మార్కెట్ నుంచి కొన్నింటిని తీసుకుని పరీక్షిస్తుంది. ఆ స్టిక్కర్‌ని అచ్చు వేసి అంటించేవాళ్లూ ఉన్నారు, కాబట్టి హెల్మెట్ చేతిలో పట్టుకుని లోపల థర్మోకోల్ మందంగా ఉందో లేదో చూడండి. పలచని స్పాంజి మాత్రమే ఉంటే అది టోపీ.

శ్రోత: మరి ఖరీదైన దాంట్లో ఏముంటుంది?

సలహాదారు: బరువు తగ్గుతుంది, గాలి బాగా ఆడుతుంది, హోరు తగ్గుతుంది, మెత్తలు ఊడదీసి ఉతుక్కోవచ్చు. రోజుకు మూడు నాలుగు గంటలు బండి మీద ఉండేవాళ్లకు ఇవి నిజంగా పనికొస్తాయి. పదిహేను వందల గ్రాముల హెల్మెట్‌కీ పన్నెండు వందల గ్రాముల దానికీ తేడా సాయంత్రానికి మెడకు తెలుస్తుంది. రోజూ పావుగంట వెళ్లొచ్చేవాళ్లు వాటికోసం అప్పు చేయక్కర్లేదు. బ్రిటన్‌లో 2007లో షార్ప్ అనే పథకం మొదలుపెట్టి, ఎంత బాగా కాపాడతాయో పరీక్షించి హెల్మెట్లకు నక్షత్రాలు ఇచ్చారు. అందులో చవక హెల్మెట్లకూ ఐదు నక్షత్రాలు వచ్చాయి. బొమ్మలకీ రంగులకీ పెట్టే డబ్బు మిగిల్చి, దాంతో రాత్రి కోసం హెల్మెట్ ముందు బిగించే తెల్ల గ్లాసు ఒకటి కొనుక్కోండి. నల్ల గ్లాసుతో చీకట్లో బండి నడిపేవాళ్లను చూస్తే గుండె జారిపోతుంది.

యాంకర్: టైం తక్కువుంది, ఇంకో కాల్. చెప్పండి.

శ్రోత: సార్, హెల్మెట్ సీటు మీంచి జారి కింద పడింది. పారేయాలా?

సలహాదారు: ఖాళీ హెల్మెట్ ఆ ఎత్తునుంచి పడితే మామూలుగా ఏమీ కాదు. పెంకు పగిలిందా, థర్మోకోల్‌కు సొట్ట పడిందా చూసుకోండి. లోపల తల ఉండగా దెబ్బ తగిలితే మాత్రం పైకి బాగున్నా మార్చేయాలి, నలిగిన థర్మోకోల్ మళ్లీ లేవదు. ఏమీ కాకపోయినా ఐదేళ్లకు మార్చమని, హెల్మెట్లు పరీక్షించే అమెరికా సంస్థ స్నెల్ ఫౌండేషన్ చెబుతుంది. నేనూ అదే చెప్తాను. ఎవరో వాడింది అడిగి తీసుకోకండి, దానికి ఏం దెబ్బ తగిలిందో తెలియదు.

యాంకర్: చివరి కాల్. హలో అమ్మా.

శ్రోత: నమస్కారమండీ. నేను స్కూటర్ మీద ఆఫీసుకి వెళ్తాను. జుట్టు ముడి వేసుకుంటానని కొంచెం పెద్ద సైజు తీసుకున్నా. కళ్లజోడు కూడా ఉంది. బాగానే ఉంది కానీ తల తిప్పితే హెల్మెట్ కాస్త ఆలస్యంగా తిరుగుతోంది.

సలహాదారు: హెల్మెట్ ఇప్పుడు దగ్గరుందా అమ్మా?

శ్రోత: ఇక్కడే ఉందండీ. మా వారు కూడా ఉన్నారు.

సలహాదారు: మంచిది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, హెల్మెట్ పెట్టుకుని స్ట్రాప్ బిగించండి. స్ట్రాప్‌కీ గొంతుకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి, అంతకన్నా వదులు ఉండకూడదు... బిగించారా? ఇప్పుడు మీ వారిని వెనక నిలబడి, హెల్మెట్ వెనక కింది అంచు పట్టుకుని పైకి, ముందుకు ఎత్తమనండి. మెల్లగా.

శ్రోత: ఆగండి... అయ్యో, ఊడి వచ్చేసిందండీ. స్ట్రాప్ పెట్టే ఉంది!

యాంకర్: స్ట్రాప్ ఉన్నా ఊడిందా?

సలహాదారు: పడ్డప్పుడు జరిగేది కూడా ఇదే అమ్మా. మొదటి దెబ్బకే తల మీంచి లేచిపోతుంది, రెండో దెబ్బకు తలే మిగులుతుంది. ముడి లేకుండా, మెడ మీదకు కిందుగా జడ వేసుకుని తల కొలవండి. వచ్చిన సైజు తీసుకోండి. కొత్తలో బుగ్గలు గట్టిగా పట్టుకోవాలి, మాట్లాడితే లోపలి బుగ్గ పళ్లకు తగిలేంతగా. కొన్ని వారాలు వాడితే మెత్తలు సర్దుకుంటాయి. హెల్మెట్ పట్టుకుని అటూఇటూ తిప్పితే నుదుటి చర్మం దాంతోపాటు కదలాలి, హెల్మెట్ చర్మం మీద జారకూడదు.

శ్రోత: కళ్లజోడుకి?

సలహాదారు: జోడు కాడలకు బుగ్గల మెత్తల దగ్గర సందు ఇచ్చిన మోడళ్లు ఉన్నాయి. షాపుకి జోడు తీసుకెళ్లండి, హెల్మెట్ పెట్టుకున్నాక జోడు దూర్చి చూడండి. గడ్డం కూడా కప్పేదే తీసుకోండమ్మా, ముఖం మీద పడేవాళ్లు చాలామంది ఉంటారు.

శ్రోత: రేపు ఆఫీసుకి బస్సులో వెళ్తానండీ. వచ్చేటప్పుడు షాపుకి వెళ్తా.

సలహాదారు: మీ వారిని కూడా తీసుకెళ్లండమ్మా. వెనక నిలబడి లాగి చూసేవాళ్లు ఒకరు కావాలి.