రాట్నం దగ్గర కూర్చోబెట్టండి

శ్రోతలందరికీ నమస్కారం. ఆగస్టు 7న చేనేత దినోత్సవం, అక్టోబర్ 2న గాంధీ జయంతి. ఈ తేదీలు దగ్గరపడితే చాలు, మన శ్రీకాకుళంలో ఎక్కడో ఒకచోట స్టేజీ మీదకి రాట్నం ఎక్కుతుంది, పొందూరు నుంచి నూలు వడికే అమ్మనొకరిని పిలిపిస్తారు, అతిథిగారు చక్రం రెండుసార్లు తిప్పి, ఫోటో దిగి, కారెక్కుతారు. దీన్ని ప్రదర్శన అంటే నేనొప్పుకోను.

అసలు పనంతా రాట్నం దగ్గరకి రాకముందే అయిపోతుంది కదా! పొందూరు సన్న ఖాదీకి పత్తిని గింజ ఉండగానే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకి సన్నటి పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి, చెత్తా నలుసూ రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకి సాఫీగా వచ్చేస్తాయి. తర్వాత చిన్న పలక మీద పెట్టి ఇనుప కడ్డీతో దొర్లిస్తే గింజలు బయటికి ఊడతాయి, ఆ దూదిని ఏకి, ఏకులు, అంటే దారం తీయడానికి సన్నటి దూది వత్తులు, చుట్టి, మట్టి అంటకుండా ఎండిన అరటి డొప్పలో దాచుకుంటారు. గాంధీగారు కొడుకు దేవదాస్‌ని పొందూరు పంపించి మరీ తెలుసుకున్నది ఈ పని గురించేనని ఊళ్ళో ఇప్పటికీ చెబుతారు. మరి స్టేజీ మీద ఇదేదీ కనిపించదు, ఉత్త చక్రం తప్ప.

అందుకే నేనడిగేది, చూపించడం తగ్గించి చేయించండి అని. కాలేజీ వరండా అయినా చాలు, చాపలు పరిచి, గింజతో ఉన్న పత్తి తలా గుప్పెడు ఇచ్చి, వడికేవాళ్ళని మధ్యలో కూర్చోబెట్టండి. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకు నుంచి దారం తీయాలి, రెండు చేతులకీ రెండు వేగాలు, కొత్తవాళ్ళకి పుటుక్కున తెగిపోతుంది. "లాగీకమ్మా, దాన్నలా రానీ" అంటూ పక్కనుంచి పెద్దావిడ అమ్మాయి మణికట్టు పట్టుకుని కొంచెం వెనక్కి జరుపుతుంది చూడండి, అంతే, జానెడు దారం వచ్చేస్తుంది. మైకులో గంట చెప్పినా ఇది ఎక్కదు.

ఇక్కడే లెక్క కూడా చెప్పొచ్చు. వంద కౌంటు నూలంటే ఒక పౌను, అంటే అరకిలోకి కాస్త తక్కువ బరువులో 840 గజాల దారపు చుట్టలు, అదే చిలపలు, వంద తూగాలి. మొత్తం దాదాపు 77 కిలోమీటర్ల దారం, శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. పొందూరులో వంద కౌంటూ, ఆపైనా చేత్తోనే వడుకుతారు. చేతిలో పదిసార్లు తెగాక ఈ లెక్క విన్నవాళ్ళు, ఖాదీ పంచె ధర చూసి "అమ్మో, ఇంతా?" అని మళ్ళీ అనలేరు.

ఇంకో సంగతి, ఇది కాస్త గట్టిగానే చెబుతాను. వడికేవాళ్ళకి కూలి చిలపల లెక్కన వస్తుంది. రోజంతా మన ఫంక్షన్లో కూర్చుంటే ఆ రోజు చిలపలు పోయినట్టే. శాలువా కప్పి, టిఫిను పెట్టి పంపేస్తే ఎలాగండీ? షామియానాకి, ఫ్లెక్సీకి డబ్బులుంటాయి గాని ఆవిడ కూలికి ఉండవా? పిలిచేటప్పుడే రోజు కూలి, బస్సు ఛార్జీ ఖరారు చేసుకోండి, అతిథిగారి పేరు కార్డులో తర్వాత వేసుకోవచ్చు.

పొందూరులో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి ఉంది, వీలైతే పిల్లల్ని అక్కడికే తీసుకెళ్ళండి, రైలు స్టేషన్ కూడా ఉంది. ఇక్కడే పెట్టుకుంటామంటారా, సరే, ఒక్కటి మాత్రం మరిచిపోకండి, కూర్చోగానే పైన ఫ్యాను కట్టేయండి. లేదంటే ఏకిన దూదంతా హాల్లో ఎగిరి, ఆవిడ దగ్గర ఏకులు చుట్టడానికి ఏమీ మిగలదు. ఉంటాను మరి, నమస్కారం.