పొయ్యి వెలిగించకుండా సీతాఫలం పెరుగు తీపి

అందరికీ నమస్కారం. సీతాఫలాల కాలం కదా, మన పాలమూరులో ఎటు చూసినా గంపలే. బాలానగర్ దగ్గర హైవే మీద గంపలు చూసి కారు ఆపని వాళ్లు ఉంటారా? ఆ పండ్లతో ఈ రోజు పొయ్యి వెలిగించకుండా ఒక తీపి చేద్దాం. పొయ్యి వద్దని ఊరికే అనడం లేదు, ఈ గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది.

ముందు పెరుగు. ఇదిగో, అర కిలో. గేదె పాలదైతే మరీ మంచిది. పలుచని నూలు గుడ్డలో పోశాను, మూట కట్టాను, జల్లెడలో పెట్టాను, కింద గిన్నె. అంతే. నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో. కొక్కేనికి వేలాడదీసే వాళ్లూ ఉన్నారు కానీ, మన ఎండకు సాయంత్రానికల్లా పులిసిపోతుంది. కిందికి దిగిన తేట పారబోయకండి, చపాతీ పిండిలో కలిపేయండి. మూట విప్పాను, చూడండి, చెంచా నిలబడుతోంది. ఇంత గట్టిగా ఉండాలి.

పండు ఇలా కళ్లు విచ్చుకుని, నొక్కితే మెత్తగా ఉండాలి. ఇంకా గట్టిగా ఉంటే బియ్యం డబ్బాలో పెట్టండి. పచ్చిగా ఉన్నది ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుందే తప్ప పండదు.

ఇక గింజలు. ఇక్కడ నిదానంగా చూడండి. చాలామంది ఇక్కడే విసిగిపోయి అంతా కలిపి మిక్సీలో వేసేస్తారు. వద్దండీ, వద్దు. గింజ నలిగితే చేదొక్కటే కాదు, లోపలి పప్పు విషం. పాతకాలంలో పేలకు ఈ గింజలే నూరి తలకు పట్టించేవారు, కంట్లో పడితే కంటికే ప్రమాదం. అందుకని గుజ్జు చెంచాతో తీయండి, తొక్కను మాత్రం గీకకండి. తొక్కకు అంటుకున్నది ఇసుకలా పలుకులు పలుకులుగా తగులుతుంది, అది వదిలేయండి. ఇప్పుడు కవ్వం. అవును, మజ్జిగ కవ్వమే. గట్టిగా చిలకకూడదు, అటూ ఇటూ మెల్లగా తిప్పాలి. చూస్తున్నారా? తెల్లటి గుజ్జు జారిపోయి నల్ల గింజ నిగనిగలాడుతూ బయటికి వస్తోంది. కెమెరా కొంచెం దగ్గరికి... ఆ, అదీ. ఇప్పుడు పెద్ద రంధ్రాల జల్లెడలో వేసి చేత్తో రుద్దితే గుజ్జు కిందికి, గింజలు పైన. మిక్సీకి ప్లాస్టిక్ బ్లేడు ఉంటుంది కదా అంటారు, నాకైతే కవ్వం మీదే నమ్మకం.

మిగతాది చిటికెలో పని. పెరుగును విడిగా గిలక్కొట్టండి, గడ్డలు ఉండకూడదు. కప్పు పెరుగుకు కప్పు గుజ్జు. చక్కెర పొడి రెండు చెంచాలు వేశాను, మీరు పండు రుచి చూసి వేసుకోండి. యాలకులు? నేను వేయను. సీతాఫలం వాసనను అవి మింగేస్తాయి. పైన దానిమ్మ గింజలు, అయిపోయింది.

నల్లగొండ వాళ్లు మా బత్తాయి వేయకూడదా అని తప్పకుండా అడుగుతారు. వేయండి, కానీ తొన మీది పొర ఒలిచి, సరిగ్గా వడ్డించే ముందు పైన పేర్చండి. ముందే కలిపి ఉంచితే రసం దిగి పెరుగు పలుచనవుతుంది, చేదూ తేలుతుంది.

గంట సేపు ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజే తినేయండి, రేపటికి రంగు మారుతుంది. గుజ్జు మిగిలితే పెరుగులో కలపకుండా, విడిగా డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.